నా ఓటీపీ చదివే ఏజెంటు నాకొద్దు

ముందే చెప్పేస్తున్నా, ఏఐ ఏజెంట్లంటే, అంటే ఒక మాట చెబితే మిగతా పనంతా తనే చేసుకుపోయే సాఫ్ట్‌వేర్లంటే, నాకు పడదని కాదు. ఆఫీసులో కోడ్ రివ్యూ దగ్గర్నుంచి ఇంట్లో ఊరి ప్రయాణం ప్లాన్ చేసుకోవడం దాకా వాడుతూనే ఉన్నాను. నా పేచీ ఒక్క పనితోనే. మన బదులు సైట్లలో ఖాతాలు తెరవడం, మన బదులు లాగిన్ అవడం, మన ఫోనుకో మెయిలుకో వచ్చిన ఓటీపీని తనే చదివేసుకుని ముందుకు పోవడం. ఈమధ్య బెంగళూరులో నేను వెళ్లిన ప్రతి ఏఐ మీటప్‌లోనూ ఎవరో ఒకరు ఈ ముక్కే డెమో చేస్తున్నారు, హాల్లో అందరూ చప్పట్లు కొడుతున్నారు.

మొన్న చూసింది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, ఒక కో-వర్కింగ్ ఆఫీసు టెర్రస్ మీద. చూపించింది మన విజయవాడ కుర్రాడే. మంచి ఇంజనీరు, మాట కూడా చురుకు. ఏజెంటుకి ఒక్క వాక్యం చెప్పాడు: ఫలానా సైట్లలో రేట్లు పోల్చి, తక్కువ ఉన్నచోట ట్రయల్ ఖాతా తెరువు. అది బ్రౌజర్ తెరిచింది, పేరూ ఊరూ నింపింది, తన కోసం పెట్టిన మెయిల్‌బాక్సుకి వచ్చిన లింకు నొక్కింది, "నేను రోబోను కాదు" అన్న గడిలో టిక్కు పెట్టింది (ఇక్కడ అందరూ నవ్వారు), ఫోన్ నంబరు అడిగితే అద్దెకు తీసుకున్న వర్చువల్ నంబరొకటి ఇచ్చి దానికొచ్చిన ఆరంకెలు తనే ఎక్కించింది. నిబంధనలకు అంగీకరిస్తున్నాను అన్న గడిలో కూడా తనే టిక్కు పెట్టింది. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

అయ్యాక టీ దగ్గర అడిగాను, ఆ ఖాతా ఎవరిది అని. "యూజర్‌దే కదక్కా" అన్నాడు. మెయిలు ఎవరిది? "మాది." నంబరు? "అదీ మాదే, అంటే వెండర్‌ది." మరి అందులో యూజర్‌ది ఏముంది? కాసేపు ఆలోచించి "ఇంటెంట్" అన్నాడు. తెలివైన జవాబే. కానీ సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్‌లో కూర్చుని ఎంతసేపు తిప్పి తిప్పి ఆలోచించినా నాకు మింగుడు పడలేదు.

ఏజెంటు మన తరఫున పని చెయ్యొచ్చు, మన వేషం మాత్రం వెయ్యకూడదు. నా అభిప్రాయం ఇంతే. తన పేరుతో రావాలి, ఎవరు పంపారో, ఎంతవరకు చెయ్యొచ్చో రాసున్న కాగితంతో రావాలి, ఆ కాగితాన్ని మనం ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసుకోగలగాలి. ఆ కాగితం తయారు చెయ్యడం కష్టం కాబట్టి, సైట్లన్నీ దాన్ని ఒప్పుకోవాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి, అందరూ దొడ్డిదారిన సైన్అప్‌నీ ఓటీపీనీ ఆటోమేట్ చేసేస్తున్నారు. ఇందులో నాకూ కొన్ని అనుమానాలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

క్యాప్చా పోతే పోయింది

ఈ పని చేసేవాళ్లు క్యాప్చానీ పాస్‌వర్డునీ ఓటీపీనీ ఒకే గాటన కట్టేస్తారు. వాళ్లకి అన్నీ "ఫ్రిక్షనే", అంటే దారికి అడ్డాలే. కానీ అవి అడిగే ప్రశ్నలు వేరు వేరు. క్యాప్చా అడిగేది నువ్వు మనిషివా అని. పాస్‌వర్డు అడిగేది మొన్న వచ్చిన మనిషివేనా అని. డబ్బు కదిలేటప్పుడు బ్యాంకు పంపే ఓటీపీ అడిగేది, ఈ పని చెయ్యమని ఇప్పుడు, ఇక్కడ, నువ్వే అంటున్నావా అని.

క్యాప్చా గురించి నాకేం బాధ లేదు. 2000ల మొదట్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు దానికి ఆ పేరు పెట్టినప్పుడు వంకర అక్షరాలు చదవడం కంప్యూటర్ల వల్ల అయ్యేది కాదు. తర్వాత రీక్యాప్చా వచ్చింది, 2009లో గూగుల్ కొనుక్కుంది, మనందరి చేతా పాత పుస్తకాల్లో మాటలూ వీధుల్లో ఇంటి నంబర్లూ చదివించింది. 2023 మార్చిలో జీపీటీ-4 అనే ఏఐ మోడల్ వచ్చినప్పుడు దాంతో పాటు వచ్చిన నివేదికలో ఒక పరీక్ష సంగతి ఉంది: ఆ మోడల్ టాస్క్‌రాబిట్‌లో, అంటే చిన్న పనులకి మనుషుల్ని కుదిర్చే సైటులో, ఒక మనిషిని క్యాప్చా నింపమని అడిగింది, నువ్వు రోబోవా ఏంటి అని అతను అడిగితే, కాదు నాకు చూపు సమస్య అని అబద్ధం చెప్పింది. 2025 జూలై వచ్చేసరికి ఆ మనిషి అవసరం కూడా తీరిపోయింది. చాట్‌జీపీటీ ఏజెంటు మనిషినని నిరూపించుకునే గడిలో తనే టిక్కు పెడుతూ, ఎందుకు పెడుతోందో కూడా పక్కన వివరించుకుంటూ పోయిన స్క్రీన్‌షాట్లు అందరం చూశాం.

పైగా క్యాప్చా ఎప్పుడూ న్యాయమైన పరీక్ష కాదు. పాత ఆఫీసులో మాతో చూపు లేని టెస్టర్ ఒకాయన పనిచేసేవారు. తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో మా అందరికన్నా వేగంగా బగ్గులు పట్టేవారు. క్యాప్చా దగ్గర మాత్రం ఆగిపోయేవారు, ఆ ఆడియో గరగరలో అంకెలు ఎవరికి వినిపిస్తాయి గనక. "నేను మనిషినని చెప్పడానికి పక్క సీట్లో ఇంకో మనిషి కావాలి మేడమ్" అనేవారు. ఆయన తరఫున ఒక ఏజెంటు ఆ గడి దాటించేస్తే నేను అభ్యంతరం చెప్పను, చెప్పలేను.

ఓటీపీ అలా కాదు. అది కూడా గొప్ప భద్రతేమీ కాదనుకోండి, మన నంబరుని తమ సిమ్‌లోకి మార్చేసుకునే సిమ్ స్వాప్ దొంగలున్నారు, ఫోన్లో మెసేజ్‌లు చదివే దొంగ యాప్‌లున్నాయి. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ రిజర్వ్ బ్యాంక్ 2009లో పెట్టిన నిబంధనని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. నేనూ విసుక్కున్నాను. కానీ ఆరంకెలు వచ్చేదాకా ఆగే ఆ కాస్త సమయంలోనే ఎంతోమంది మెసేజ్‌లో ఉన్న మొత్తం చూసి "ఇదేంటి, నేను కొన్నది ఇది కాదే" అని ఆగారు. ఏజెంటు దాన్ని రెప్పపాటులో చదివి ఎక్కించేస్తే అంకెలు సరిపోతాయి, సిస్టమ్ సంతోషిస్తుంది, ఆ ఆగి చూసే మనిషి మాత్రం మధ్యలో ఉండడు.

నెట్ సెంటర్ వాళ్ల పుస్తకం

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లది కదిరి. కూతురు డిగ్రీ చేరేటప్పుడు స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టాలంటే కేఆర్ పురంలో, సంత దగ్గరున్న ఒక నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. మెయిల్ ఐడీ లేదంటే అక్కడే ఒకటి చేశారు. ఓటీపీకి నంబరు కావాలంటే, వాచ్‌మన్ ఫోన్ ఆరోజు ఇంట్లో మర్చిపోయాడు కాబట్టి, సెంటర్ ఆయన తన నంబరే ఇచ్చేశాడు. పాస్‌వర్డు అమ్మాయి పేరు, పక్కన 123. అదంతా ఒక లాంగ్‌బుక్కులో రాసి పెట్టాడు. అలాంటి పుస్తకాలు ఆ బల్ల మీద దొంతరగా ఉండేవి, నేనూ చూశాను: పేర్లు, పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు, కొన్నింటి పక్కన కన్నడంలో, కొన్నింటి పక్కన తెలుగులో "డబ్బులు ఇవ్వాలి".

ఆయన మోసగాడేం కాదు. వంద రూపాయలు తీసుకుని, ఎవరూ చేసిపెట్టని పని చేసిపెట్టాడు. అద్దె పెరిగిందని మరుసటి ఏడు షాపు ఎత్తేసి హొసకోట వైపు వెళ్లిపోయాడు, ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. రెన్యువల్‌కి అమ్మాయి లాగిన్ అవ్వబోతే కొత్త డివైజు అంటూ మెయిలు వాళ్లు పాత నంబరుకి కోడ్ పంపారు. నా దగ్గరికి వచ్చారు, నేను లాగిన్ సిస్టమ్స్ మీద పనిచేస్తానని వాచ్‌మన్‌కి ఎవరో చెప్పారట. నేను చెయ్యగలిగిందేమీ లేకపోయింది. ఆ మెయిలు దృష్టిలో ఆ ఖాతా ఆ అమ్మాయిది కాదు, హొసకోట వెళ్లిపోయిన మనిషిది. కాలేజీ వాళ్ల చుట్టూ తిరిగి కొత్త మెయిలు ఎక్కించుకునేసరికి ఆ ఏడాది గడువు దాటిపోయింది.

విజయవాడ కుర్రాడి డెమో చూస్తున్నంతసేపూ నాకు ఆ లాంగ్‌బుక్కే కనిపించింది. ఖాతా పుట్టుకలో ఎవరి మెయిలు, ఎవరి నంబరు ఉంటే రేపు దాన్ని తిరిగి తెచ్చుకునే హక్కు వాళ్లదే. ఏజెంటు కంపెనీ మెయిల్‌బాక్సుతో తెరిచిన ఖాతాలో మీ డబ్బుంటుంది, మీ ఫైళ్లుంటాయి, మీ పేరుంటుంది. ఆ కంపెనీకి ఫండింగ్ ఆగిపోయిన రోజు "పాస్‌వర్డు మర్చిపోయారా" అన్న లింకు నొక్కితే మెయిలు వెళ్లేది ఎవరూ తెరవని డొమైన్‌కి, అంటే ఆ కంపెనీ పేరుమీదున్న వెబ్ చిరునామాకి. ఆ డొమైన్ గడువు తీరాక ఇంకెవరైనా కొనుక్కుంటే? అప్పుడు ఆ లింకు వాళ్లకి వెళ్తుంది. ఇది ఊహ కాదు, గడువు తీరిన డొమైన్లు కొని పాత ఖాతాలు చేజిక్కించుకోవడం మా రంగంలో అందరికీ తెలిసిన పాత విద్య.

అమ్మ చదివే ఆరంకెలు

ఇక్కడ మీలో కొందరు నన్ను నిలదీస్తారని తెలుసు. మీ అమ్మగారి ఓటీపీలు మీరు వాడరా?

వాడతాను. ఒంగోల్లో ఉన్న అమ్మ కరెంటు బిల్లు, గ్యాసు, హెల్త్ ఇన్సూరెన్సు అన్నీ నేనే ఇక్కడి నుంచి చూస్తాను. నేను లాగిన్ నొక్కుతాను, అక్కడ అమ్మ ఫోను మోగుతుంది, వెంటనే నాకు ఫోన్ వస్తుంది. అమ్మ పద్ధతైన మనిషి, మెసేజ్ మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. "ఈ కోడును ఎవరికీ చెప్పకండి, బ్యాంకు సిబ్బందికి కూడా చెప్పకండి... ఆఁ, రాసుకో, నాలుగు, తొమ్మిది..." అని. తనకి అందులో వింతేమీ కనిపించదు, నేను ఆ "ఎవరికీ"లోకి రాను గనక.

కాబట్టి మన దేశంలో లాగిన్ అన్నది ఏనాడూ ఒక్క మనిషి వ్యవహారం కాదు. పిల్లలు పెద్దల తరఫున, మేనేజర్లు ఓనర్ల తరఫున, సీఏ ఆఫీసులో కుర్రాళ్లు క్లయింట్ల తరఫున లాగిన్ అవుతూనే ఉన్నారు. సైట్లు చేసినవాళ్లు మాత్రం ఒక ఖాతా, ఒక మనిషి, ఒక ఫోను అనుకుని కట్టారు. అయిదు నిమిషాలకే సెషన్ పోతుంది, మూడు నెలలకోసారి పాస్‌వర్డు మార్చమంటుంది, పాత అయిదింటిలో ఏదీ పనికిరాదంటుంది, ఓటీపీ వచ్చేసరికి దాని గడువు అయిపోతుంది. పెద్దవాళ్లని ఇంత ఏడిపించాక, వాళ్లు ఒక ఏజెంటు చేతికి అన్నీ అప్పగించేస్తే తప్పు వాళ్లదని నేనెలా అంటాను? ఈ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సగం జవాబు ఉంది. అమ్మకి నేను తెలుసు. ఏదైనా తేడా వస్తే ఎవర్ని తిట్టాలో తెలుసు. మధ్యలో ఆ ఫోను కాల్ ఉంది చూడండి, "దేనికే ఇప్పుడు, మొన్ననే కట్టావుగా" అని ఆవిడ అడిగిన సందర్భాలున్నాయి, ఒకసారి నిజంగానే అదే బిల్లు రెండోసారి కట్టబోతున్నాను. చదివి వినిపించడంలో అమ్మ కూడా ఆ పనిలో ఉంది.

ఇంకో సంగతి, నష్టం ఎవరి మీద పడుతుందన్నది. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్‌లో, మీ ప్రమేయం లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదని ఉంది. అదే సర్క్యులర్‌లో, మీరు మీ రహస్య వివరాలు పంచుకోవడం వల్ల పోతే బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టమంతా మీదే అని కూడా ఉంది. మరి ఏజెంటుకి మెసేజ్‌లు చదివే అనుమతి ఇవ్వడం పంచుకోవడమా కాదా? బ్యాంకు ఏమంటుందో ఊహించడానికి పెద్ద లాయరు అక్కర్లేదు. దానికితోడు 2000 నాటి ఐటీ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మీరు గానీ మీ తరఫున ఎవరైనా గానీ తనంతట తాను నడిచేలా పెట్టిన సిస్టమ్ పంపిన సందేశం మీరు పంపినట్టే లెక్క. ఆ డెమోలో నిబంధనల గడిలో పడ్డ టిక్కు చట్టం కంట్లో యూజర్ పెట్టిందే.

కోవిన్, తత్కాల్, కావేరి

ఒక్కరు చేస్తే సౌకర్యం. అందరూ చేస్తే ఏమవుతుందో బెంగళూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, 2021 మే నెల గుర్తుంటే చాలు. 18 ఏళ్లు దాటినవాళ్లకి వ్యాక్సిన్ తెరవగానే, దాని బుకింగ్ సైటు కోవిన్‌లో స్లాట్లు కనిపించిన క్షణంలో మాయమయ్యేవి. మన ఐటీ జనం స్క్రిప్టులు రాశారు, ఫోనుకొచ్చిన ఓటీపీని కంప్యూటర్‌కి తనంతట తనే చేరవేసే ఏర్పాట్లు కూడా చేసుకున్నారు, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌ సైటులో అందరికీ పెట్టారు. నగరంలో దొరక్కపోతే చిక్కబళ్లాపురం, కోలారు వైపు సెంటర్లలో బుక్ చేసుకుని కార్లేసుకుని వెళ్లి వేయించుకొచ్చారు. అక్కడి ఊళ్లవాళ్లు తమ ఊరి సెంటర్ ముందు నిలబడి చూశారు. స్క్రిప్టు రాసినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, ఇంట్లో అమ్మానాన్నల కోసమే భయపడి రాశారు. ఓటీపీ ఆటోమేషన్ అన్నమాట నేను మొదట మెచ్చుకుంటూ విన్నది కూడా అప్పుడే.

తత్కాల్ కథ ఇంకా పాతది. సంక్రాంతికి ఊరెళ్లాలంటే పది గంటలకి ఏసీ, పదకొండుకి స్లీపర్, పేజీ తెరుచుకునేలోపు వెయిటింగ్ లిస్టు. రైల్వే వాళ్లు క్యాప్చా పెట్టారు, ఓటీపీ పెట్టారు, ఖాతాల మీద పరిమితులు పెట్టారు. బాట్లు, అంటే మనిషిలా క్లిక్కులు కొట్టే ప్రోగ్రాములు, అన్నీ దాటాయి. 2025లో 2.5 కోట్లకు పైగా అనుమానాస్పద ఐఆర్‌సీటీసీ ఖాతాలు నిలిపేశామన్నారు. అన్ని ఖాతాలు మనుషులు కూర్చుని తెరవలేదు కదా, అదంతా సైన్అప్ ఆటోమేషన్ ఘనతే. చివరికి 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్ ఆధార్ ధ్రువీకరించుకున్న ఖాతాలకే, 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా. మొదటి అరగంట టికెట్ ఏజెంట్లకి (వీళ్లు మనుషులే) ప్రవేశం లేదు.

ఏం జరిగిందో చూడండి. నువ్వు మనిషివా అన్న ప్రశ్నకి అందరూ అబద్ధం చెప్పడం మొదలుపెట్టేసరికి, నువ్వు ఏ మనిషివి, నీ ఆధార్ ఏది అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. బాట్లు రాసినవాళ్లు ఇంకో దారి వెతుక్కుంటారు. ఆధార్‌కి పాత నంబరు లింకై ఉన్న మా వాచ్‌మన్ మాత్రం ఇప్పుడు తత్కాల్ చెయ్యలేడు, స్టేషన్‌కి వెళ్లి క్యూలో నిలబడాలి.

ఇక మన ఊరి సంగతే, 2025 జనవరిలో కావేరి 2.0 పోర్టల్ కుప్పకూలి కర్ణాటకలో ఆస్తి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. నకిలీ ఖాతాలు తెరిచి, ఆటోమేటెడ్ టూల్స్‌తో ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం) వెతుకులాటల మీద దాడి చేశారని తర్వాత ప్రభుత్వం చెప్పింది. ఇల్లు కొనుక్కుని, లోను చేతికొచ్చి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చున్న తెలుగు కుటుంబాలు ఆ వారాల్లో మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నాయి. ఏఐ ఏజెంటు స్టార్టప్‌లకీ ఆ దాడికీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఎవరైనా సరే ఖాతాలు గుట్టలుగా తెరిచే పనిముట్టు చవగ్గా అమ్ముతుంటే, అది ట్రయల్ ఖాతాల కోసమే వాడతారని నమ్మమంటే మాత్రం నమ్మను. లాగిన్ పేజీకి ఇవతల పక్క నుంచి చూసే ఉద్యోగం నాది. రాత్రి రెండింటికి ఒకే తీరు పేర్లతో, ఒకే వర్చువల్ నంబర్ల వరసతో ఖాతాలు పుడుతుంటే ఎందుకు పుడుతున్నాయో తెలుసుకునేలోపు వాటి పని అయిపోతుంది.

మరి కాగితం ఎలా ఉండాలి

ఇదేదో కొత్త సమస్య అనుకుంటాం గానీ ఇరవై ఏళ్ల కింద కూడా ఇదే గొడవ. అప్పుడు సోషల్ సైట్లు "మీ స్నేహితులెవరైనా ఇక్కడున్నారేమో వెతుకుతాం, మీ మెయిల్ పాస్‌వర్డు ఇవ్వండి" అని మొహమాటం లేకుండా అడిగేవి, మనమూ ఇచ్చేవాళ్లం. అలా పాస్‌వర్డులు పంచిపెట్టడం ఆపడానికే, పాస్‌వర్డు ఇవ్వకుండా అనుమతి మాత్రం ఇచ్చే ఓఆత్ అన్న పద్ధతి వచ్చింది, మొదటిది 2007లో, ఇప్పుడు వాడే 2.0 ప్రమాణం 2012లో. ఈ యాప్ నీ కాంటాక్టులు మాత్రమే చూస్తుంది, సరేనా అని అడగడం, తర్వాత వద్దనుకుంటే తీసేయడం, అంతా అక్కడి నుంచే. టీవీలో కోడ్ కనిపిస్తే ఫోన్లో కొట్టి లాగిన్ అవుతామే, దానికీ 2019లో ప్రమాణం వచ్చింది. ఏజెంట్లను సాఫ్ట్‌వేర్లకి కలిపే ఎంసీపీ అన్న పద్ధతిని ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసినా, మరుసటి మార్చిలో అనుమతుల వ్యవస్థ కావాల్సి వచ్చినప్పుడు ఆ ఓఆత్ మీదే కట్టారు. అంటే కాగితం రాసే విద్య ఉంది.

మన దగ్గర ఇంకా నయం. మన సమ్మతితో మన బ్యాంకు సమాచారాన్ని ఇంకొకరికి చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థకి రిజర్వ్ బ్యాంక్ 2016లో నిబంధనలు రాసింది, 2021 సెప్టెంబర్‌లో అది జనంలోకి వచ్చింది. ఏ సమాచారం, ఎవరికి, దేనికి, ఎన్నాళ్లు, అన్నీ ఆ సమ్మతిలోనే రాసుంటాయి, మధ్యవర్తి ఆ సమాచారాన్ని తెరిచి చూడలేడు, మనం రద్దు చేసుకోవచ్చు. ఇంకా దగ్గరి ఉదాహరణ యూపీఐ సర్కిల్, 2024 ఆగస్టులో వచ్చింది. మా అమ్మలాంటివాళ్ల కోసం నేను నా ఖాతా మీద ఆమెకి అనుమతి ఇవ్వొచ్చు: పూర్తి అనుమతి ఇస్తే నెలకి 15,000 రూపాయలు, ఒక్కోసారికి 5,000 దాటకుండా, లేదా ప్రతి చెల్లింపుకీ నా పిన్ అడిగేలా. నా పిన్ ఆమెకి చెప్పక్కర్లేదు, ఆమె నేనని నటించక్కర్లేదు. అమ్మ స్థానంలో ఒక సాఫ్ట్‌వేర్‌ని పెట్టి ఊహించుకుంటే, నేనడిగే కాగితం దాదాపు ఇలాగే ఉంటుంది.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఏజెన్సీ గురించి చెప్పిందీ ఇంచుమించు ఇదే. ఇచ్చిన అధికారం వరకే ఏజెంటు చేసిన పని యజమానికి చుట్టుకుంటుంది, తనకిచ్చిన పనిని మామూలుగా ఇంకొకరికి అప్పగించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు గుంటూరులో పొలం వ్యవహారం చూడమని తండ్రికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, తండ్రి కొడుకు సంతకం పెట్టడు, తన సంతకమే పెట్టి కింద "ఫలానావారి తరఫున" అని రాస్తాడు. రిజిస్ట్రారు ఆ కాగితం అడిగి చూస్తాడు. ఇంత మామూలు పద్ధతి సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోయామో నాకు అర్థం కాదు.

ఏజెంటు కంపెనీల్లో కాస్త జాగ్రత్తపరులు ఒక మధ్యేమార్గం చెబుతారు: లాగిన్ దగ్గర ఏజెంటు ఆగుతుంది, బ్రౌజర్ మీకు అప్పగిస్తుంది, పాస్‌వర్డూ ఓటీపీ మీరే కొట్టండి, మేం చూడం అని. మంచిదే, నటన కన్నా నయం. కానీ లాగిన్ అయ్యాక పుట్టే సెషన్ కుకీ, అంటే ఇతను లాగిన్ అయ్యాడని చెప్పే చిన్న గుర్తు, ఉంటుంది వాళ్ల క్లౌడ్‌లో ఉన్న ఆ బ్రౌజర్‌లో. ఆ కుకీ ఉన్నవాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. దానికి హద్దులేమీ రాసి ఉండవు, బిల్లు చూడ్డానికి లాగిన్ అయినా అడ్రసు మార్చడానికి కూడా అది సరిపోతుంది. రేపు అందరూ పాస్‌వర్డు బదులు ఫోను లాక్‌తో లాగిన్ అయ్యే పాస్‌కీలకి మారినా ఈ చిల్లు అలాగే ఉంటుంది, ఎందుకంటే పాస్‌కీ తలుపు దాకానే.

నాకే పూర్తిగా తేలనిది

నా వాదనకి బలమైన దెబ్బ ఇంకోవైపు నుంచి ఉంది. ఏజెంటు తన పేరు చెప్పుకుని వస్తే, సైటు వాళ్లు లోపలికి రానిస్తారా?

2025 నవంబర్‌లో పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ మీద అమెజాన్ కోర్టుకెళ్లింది. వాళ్ల కామెట్ బ్రౌజర్‌లో ఏజెంటు తను ఏజెంటునని చెప్పకుండా కస్టమర్ల ఖాతాల్లో షాపింగ్ చేస్తోందని ఆరోపణ. పర్‌ప్లెక్సిటీ వాళ్లది, యూజర్ చెప్పిన పని చేసే ఏజెంటుకి యూజర్‌కున్న హక్కులే ఉండాలన్న వాదన. నేను ఇప్పటిదాకా రాసిందంతా చదివితే నేను అమెజాన్ పక్కన నిలబడాలి. పూర్తిగా నిలబడలేను. పెద్ద షాపింగ్ సైటుకి ఏజెంటు నచ్చకపోవడానికి భద్రత ఒక్కటే కారణం కాదు, ఏజెంటు ప్రకటనలు చూడదు, "ఇవి కూడా కొన్నారు" దగ్గర ఆగదు, రేటు తక్కువున్న పక్క సైటుకి మొహమాటం లేకుండా వెళ్లిపోతుంది. పేరు చెప్పి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేసి, వేషం వేసుకొచ్చినవాడికి మాత్రం తెలియక దారి వదిలితే, నిజం చెప్పినవాడే నష్టపోతాడు. విజయవాడ కుర్రాడు కూడా ఇదే అన్నాడు, "మేం బాట్ అని చెప్పుకుంటే పది సైట్లలో తొమ్మిది బ్లాక్ చేస్తాయక్కా, ఇన్వెస్టర్‌కి నేనేం చూపించాలి" అని. ఆ లెక్క సరిగ్గా తొమ్మిదో కాదో గానీ, చెప్పిన మాట నిజమే.

సాంకేతికంగా పేరు చెప్పుకునే మార్గం వచ్చేసింది, ఏజెంటు పంపే ప్రతి రిక్వెస్టు మీదా సంతకం పెట్టొచ్చు, దానికి 2024లో ప్రమాణం కూడా ఖరారైంది. సంతకం పెట్టినవాణ్ణి ఏం చెయ్యాలన్నదే సైటు వాళ్ల ఇష్టం. ప్రమాణాలు ఇక్కడ ఆగిపోతాయి, ఇంకెవరో కలగజేసుకోవాలి. బ్యాంకులు తమంతట తాము కస్టమర్ సమాచారం పక్కవాళ్లకి ఇచ్చేవి కాదు, రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు రాస్తే అగ్రిగేటర్లు వచ్చాయి. కరెంటు బిల్లు, రైలు టికెట్టు, ఈసీ, స్కాలర్‌షిప్ లాంటివాటికైనా, అనుమతి కాగితంతో వచ్చిన ఏజెంటుని తిప్పి పంపకూడదని ఎవరో ఒకరు రాయాలి. షాపింగ్ సైట్లని కూడా అలా బలవంతపెట్టొచ్చా అంటే నాకు ఇంకా తేలలేదు. పెట్టాలనే అనిపిస్తుంది గానీ, తత్కాల్ గుర్తొచ్చినప్పుడు వెనక్కి తగ్గుతాను.

ఈలోగా నేను చెయ్యగలిగిన చిన్న పనొకటి ఆఫీసులో పెట్టాను. మా దగ్గర ఖాతాలో జరిగిన ప్రతి పనికీ లాగ్‌లో, అంటే పనుల చిట్టాలో, యూజర్ ఎవరన్నది ఒక్కటే ఉంటుంది. పక్కనే ఇంకో కాలమ్ కావాలన్నాను: ఎవరి ఖాతా, ఎవరు చేశారు. పిల్లలు చేసినా, సీఏ కుర్రాడు చేసినా, ఏజెంటు చేసినా ఆ రెండో కాలమ్‌లో పడాలి, యూజర్ తన పేజీలో దాన్ని చూడగలగాలి, పక్కనే ఉన్న బటన్ నొక్కి ఆపగలగాలి. టోకెన్‌లో, అంటే లాగిన్ అయ్యాక సిస్టమ్ ఇచ్చే అనుమతి చీటీలో, "ఎవరి తరఫున ఎవరు" అని రాసే పద్ధతి 2020 నుంచీ ప్రమాణంలో ఉంది, కనిపెట్టాల్సిందేమీ లేదు. ప్రొడక్ట్ మేనేజర్ శ్రద్ధగానే విన్నాడు, చివర్లో "ఈ ఫీచర్ ఏ కస్టమర్ అడిగారు?" అన్నాడు. ఇంకా ఎవరూ అడగలేదన్నాను. నా టికెట్, అంటే ఆ పని కోరుతూ పెట్టిన చీటీ, బ్యాక్‌లాగ్‌లో (ఎప్పుడో చెయ్యాల్సిన పనుల వరసలో) ఉంది, దానికన్నా పైన "ఏజెంట్ల కోసం ఒక్క క్లిక్ సైన్అప్" అన్న టికెట్ ఉంది, అది ఈ స్ప్రింట్‌లోనే, అంటే ఇప్పుడు నడుస్తున్న పనివిడతలోనే.